కుడిచేతికి ఆకుపసరు

"ఆకుమందే కదా, మంచి చేయకపోయినా చెడు చేయదు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒళ్ళు మండటమంటే ఏమిటో బాగా తెలిసినదాన్ని కాబట్టి ఆ మాట ఊరికే వాడటం లేదు. జర్మనీ యుద్ధం మొదలైన మరుసటి ఏడు ఎండాకాలంలో నా కుడిచెయ్యి పాడైంది. చలికాలానికి బాగయింది. ఆ మధ్యకాలంలో నేను అనుమానించని మనిషి లేడు, నన్ను అనుమానించని మనిషీ లేడు. చేతికి పుండ్లున్న ఆడవాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని ఇది రాస్తున్నాను. నా మాటా వెంటనే నమ్మనక్కర్లేదు. మీ ఇల్లంతా ఓసారి కళ్ళు తెరిచి చూసుకుని, తర్వాత నమ్మండి.

మాది లాల్‌దర్వాజాలో పాలు అమ్ముకునే ఇల్లు. వాకిట్లో బర్రెలు, వాకిలి దాటితే గల్లీ. మామయ్య పోయాక పెత్తనమంతా అత్తమ్మదే. మా ఆయనా, మరిదీ పాలు పిండి ఇంటింటికీ పోసి వచ్చేవారు. మరిది భార్య బాలమణికి ఇంకా పిల్లల్లేరు. నాకు కూతురు చంద్రి. అప్పుడే గోడ పట్టుకుని అడుగులు వేస్తోంది. మా నాన్న తన కిరాణా దుకాణంలో పక్కన కూర్చోబెట్టుకుని నాకు నాలుగక్షరాలు నేర్పాడు కాబట్టి ఇప్పుడు ఈ మాత్రం రాయగలుగుతున్నాను.

ఆ నాన్నే నాకు పెళ్ళిలో గంగను ఇచ్చాడు. మా వాకిట్లోని బర్రెలన్నింటిలో ఎక్కువ పాలిచ్చేది అదే, ఎక్కువ పొగరూ దానిదే. నేను కాక ఇంకెవరు పలుపు పట్టినా తన్నేది. అందుకని ఆయన పాలు పిండినంతసేపూ దాని మెడలోని పలుపుతాడును కుడిచేతికి చుట్టుకుని, ఎడమచేత్తో నుదురు గోకుతూ నిలబడటం నా పని. గల్లీలో వాళ్ళ కళ్ళన్నీ గంగ పొదుగు మీదే ఉన్నాయని అత్తమ్మకు ఒకటే దిగులు. ప్రతి అమావాస్యకూ నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, నల్లజీడి గింజలు దారానికి గుచ్చి ఆ పలుపుకు కొత్తగా దిష్టి కట్టేది. పాలోళ్ళ ఇళ్ళలో అందరూ చేసేదే, వింతేమీ కాదు.

ఎండలు ముదిరాక మొదట దురద వచ్చింది. చెమటకాయలేమో అనుకున్నాను. తర్వాత అరచెయ్యి నుంచి మోచేతి దాకా నీటిపొక్కులు లేచాయి. అవి పగిలి చుట్టూ చర్మం నల్లబడింది, చీము పట్టింది. తెలియక ఆ చేత్తో కన్ను నులుముకుంటే రెప్ప ఉబ్బి కన్ను మూసుకుపోయింది. పిండి పిసకబోతే ప్రాణం పోయేది. అదంతా ఓర్చుకున్నాను కానీ ఒకరోజు పాలు పోయించుకోవడానికి వచ్చిన పక్కవీధి ఆమె నా చేయి చూసి గిన్నె వెనక్కి లాక్కున్నప్పుడు మాత్రం ఓర్చుకోలేకపోయాను.

"గీ చెయ్యే పాలల్ల పెడ్తున్నరా?" అని అడిగింది, నన్ను కాదు, అత్తమ్మను.

"లేదమ్మా, అది పాల దిక్కే రాదు" అంది అత్తమ్మ. ఆ పూట నుంచి నేను నిజంగానే పాల దిక్కు పోలేదు. పలుపు పట్టడం మాత్రం తప్పలేదు, నేను లేకుంటే గంగ పిండనివ్వదు మరి.

పెద్దరోగం, అంటే కుష్టు, అనే మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. నాకు వేరే కంచం వచ్చింది, వేరే చాప వచ్చింది. చంద్రిని బాలమణి దగ్గర పడుకోబెట్టారు. నా దగ్గర పాలు తాగడం మాన్పించారు. నేను దగ్గరికి వస్తే ఎవరో ఒకరు "చంద్రీ, చేతులెనకకు!" అనేవారు. అది రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నన్ను చూసి నవ్వేది. దానికది ఆట. నేను పెరట్లోకి పోయి ఏడ్చి వచ్చేదాన్ని.

మా ఆయన నన్ను సర్కారు దవాఖానాకు తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళు కూర్చునే వరండాలో బెంచీ నిండా జనమున్నా, నేను కూర్చోగానే నా చుట్టూ చోటు దొరికింది. కొంగు కింద చెయ్యి దాచుకున్నాను. నల్ల బురఖా వేసుకున్న ఒక ముసలావిడ మాత్రం లేవలేదు. తన తాటాకు విసనకర్రతో తనకూ నాకూ కలిపి విసురుతూ కూర్చుంది. ఏమీ అడగలేదు. ఈవిడకు నా చెయ్యి కనబడలేదేమో అని ఆమెనూ అనుమానించాను. లోపలికి పిలిచినప్పుడు ఆమె నా చేతి వంక చూసి "అల్లా ఖైర్ కరే" అంది, దేవుడు మేలు చేయాలని. మొదటి నుంచీ చూసిందన్నమాట.

డాక్టరు బల్ల అవతలే నిలబడ్డాడు. కళ్ళు మూసుకోమని సూదితో గుచ్చాడు, తెలుస్తోందా అన్నాడు. తెలియకేం, కెవ్వుమన్నాను. పుండ్లలో కంటికి కనబడని పురుగులు చేరాయని, అందుకే చీము పడుతోందని చెప్పాడు. మా ఆయన గొంతు తగ్గించి, పెద్దరోగమా అని అడిగాడు. "షాయద్ నై" అన్నాడు డాక్టరు, బహుశా కాదని. కంపౌండరు తెల్లటి మలాము డబ్బీని బల్ల మీదుగా నా వైపు తోశాడు.

డాక్టరు చెప్పినదాంట్లో "నై" ఒక్కటీ ఇంటికి రాలేదు. "షాయద్" వచ్చింది. షాయద్ అన్నడట, షాయద్ అన్నడట అని మరిది గల్లీ చివరి దాకా మోసుకుపోయాడు. కంటికి కనబడని పురుగుల్ని ఆ డాక్టరు ఎట్లా చూశాడో నాకూ అర్థం కాలేదు. ఆ మలామును రాయడమైతే రాశాను కానీ నమ్మలేదు.

ఆషాఢం వచ్చింది. బోనాల ఆదివారం నాడు గల్లీ గల్లీ వేపాకు వాసన. పెళ్ళైనప్పటి నుంచి మా ఇంటి బోనం నేనే ఎత్తుకుంటున్నాను. ఆ ఏడు అత్తమ్మ బోనాన్ని బాలమణి తలమీద పెట్టింది. కుండకు చుట్టిన వేపకొమ్మలు బాలమణి చెంపల మీద వేలాడుతున్నాయి, చంకలో నా చంద్రి. అసలు అట్లా ఒకచేత్తో బోనం, ఒకచేత్తో పిల్ల పట్టుకోవడం ఎవరు నేర్పారు దీనికి? తలుపు చాటున నిలబడి నా కళ్ళతోనే వాళ్ళను గుడిదాకా తరిమాను.

ఆ ఆషాఢంలోనే నాకు ఒక సంగతి తట్టింది. అమావాస్య వెళ్ళిన కొద్దిరోజులకల్లా చెయ్యి కొత్తగా పేలుతోంది. పున్నమి దాటాక కాస్త ఎండుతోంది. మళ్ళీ అమావాస్య, మళ్ళీ పొక్కులు. ఈ మాట ఆయనకు చెప్పాను.

"బాణామతి గాదు గద?" అన్నాడు.

మా దిక్కు ఆ మాటకున్న భయం తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్తాను. గిట్టనివాళ్ళు మంత్రం పెట్టి మనిషి ఒంటిని పాడు చేస్తారని అంటారు. ఆ మాట చెవినపడిన క్షణం నుంచి నా కంటికి బాలమణి ఒక్కతే ఆనింది. పిల్లలు లేరు, నా పిల్ల దాని ఒళ్ళో ఉంది, నేను పోతే ఇంకెవరికి లాభం? అది కూర వండితే తినడం మానేశాను. నా దువ్వెన దాచుకున్నాను. తల దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలు ఏరి చెంగున ముడేసుకునేదాన్ని. అత్తమ్మ తన అనుమానం తను పెట్టుకుంది. గంగకూ ఇంటికీ కలిపి దిష్టి తగిలిందని, పలుపుకు కట్టే జీడిగింజలు ఇంకా పెంచింది. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

మా నాన్నే పట్టుబట్టి నన్ను హుస్సేనీ ఆలంలోని ఒక హకీంసాబు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఇంటి ముందు అరుగు మీద, ఎండబెట్టిన ఆకుల మధ్య కూర్చుని వంతుకోసం చూశాం. లోపల రోట్లో ఏదో దంచుతున్న చప్పుడు, చేదు వాసన. హకీంసాబు ఆకుపచ్చటి పసరున్న సీసా ఒకటి నా ముందు పెట్టాడు. వేపాకు, గుంటగలగరాకు రసం తీసి, కానుగ నూనెలో కాచిందట. ముందు వేపాకు మరగబెట్టిన నీళ్ళతో కడిగి, తర్వాత ఇది రాయమన్నాడు.

"ఇంకేం కలిపిన్రు ఇందుల?" అని అడిగాను.

"చెప్పిన గద బేటీ."

"చెప్పనివి ఇంకా ఏమేం ఉన్నయో?"

నాన్న నా భుజం గిల్లాడు. హకీంసాబుకు కోపం రాలేదు. సీసా మూత తీసి తన అరచేతిలో కొంచెం పోసుకుని మోచేతిదాకా పూసుకున్నాడు. పూసుకున్నాక అదే చేత్తో నా కుడిచెయ్యి పట్టుకుని తన మోకాలు మీద పెట్టుకుని, ఒక్కొక్క పుండు చూశాడు. ఎండాకాలం నుంచి నా చేతిని ఇంకో మనిషి ముట్టుకోవడం అదే మొదటిసారి. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుపు వచ్చిందని నాన్నకు తెలియకూడదని.

అయినా నమ్మకం కుదరలేదు. అప్పటికి ఎడమ అరచేతిలోనూ కాస్త చీముపొక్కులు లేచాయి. సరే, పరీక్ష పెడదామనుకున్నాను. కుడిచేతికి హకీంసాబు పసరు, ఎడమచేతికి దవాఖానా మలాము. ఏది నిజమో తేలిపోతుంది. ఎడమచెయ్యి చక్కగా ఆరింది. కుడిచేతికి చీము తగ్గింది, దుర్వాసన పోయింది కానీ కొత్త పొక్కులు మాత్రం ఆగలేదు. అమావాస్య వెళ్ళగానే మళ్ళీ భగ్గుమంది. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. సీసా పట్టుకుని హుస్సేనీ ఆలం పోయి అరుగు మీదున్న జనం అందరి ముందు అడిగాను.

"మీ మందు రాసిన చెయ్యే పాడైంది, రాయని చెయ్యి బాగైంది. దీనికేమంటరు?"

హకీంసాబు రెండు చేతులూ తిప్పి తిప్పి చూశాడు. "బేటీ, ఈ చెయ్యి చేసే పని ఏంది, ఆ చెయ్యి చెయ్యంది?"

"ఏంది గట్ల అడుగుతరు? నా చెయ్యి ఏం తప్పు చేసింది?"

"తప్పు అనలేదు. పని అన్న. ఇంటికి పోయి చూస్కో. పుండ్ల పురుగును నా పసరు సంపుతది. రోజూ కొత్తగ ఏదో నీ తోలును కాలుస్తుంటే అది పసరుతోటి ఆగేది గాదు."

చేతకాక తప్పించుకుంటున్నాడనుకున్నాను. దారి పొడుగునా గొణుక్కుంటూనే వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి మరో పిడుగు. గంగ మెడ మీద వెంట్రుకలు ఊడి తోలు పొక్కింది. నా రోగం బర్రెకు అంటిందని మరిది వాకిట్లో లొల్లి మొదలుపెట్టాడు.

"ఇగ లాభం లేదన్నా. వదినను పెద్దరోగం దవాఖానల ఇడిసి రా. గీమెను సూస్కుంట కూసుంటే పాలు ఎవడూ కొనడు."

మా ఆయన నా వైపు చూడలేదు. తాడు పురిపెడుతూ కూర్చున్నాడు. "దసరా దాటనీ" అన్నాడు. కాదనలేదు, దసరా దాటనీ అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆయనకూ గుర్తుందని నాకు తెలుసు. అక్కడికి పోయినవాళ్ళు తిరిగి రావడం నేను వినలేదు. చంద్రి ఇంకా మాటలే నేర్వలేదు. నేను పోతే దానికి అమ్మ అంటే బాలమణే. నేను ఉన్నానన్న సంగతి కూడా తెలియకుండా పెరుగుతుంది.

పెత్తరమాస నాడు పొద్దున్నే లేచాను. దసరాకు ముందొచ్చే అమావాస్య అది. బాణామతి చేసేవాళ్ళు ఈరోజు చేస్తారు, బాలమణిని పట్టుకుంటాను అని వాకిటి గోడ పక్కన గడ్డిమోపుల చాటున కూర్చున్నాను. బాలమణి వచ్చింది, చంద్రికి మొహం కడిగింది, వెళ్ళిపోయింది. ఆమె తర్వాత వచ్చింది అత్తమ్మ.

చేట ముందు పెట్టుకుని వాకిట్లోని పొయ్యి దగ్గర కూర్చుంది. చేటలో నిమ్మకాయలు, మిరపకాయలు, నల్లజీడి గింజలు. గిన్నెలో నువ్వుల నూనె. ముందుగా ఆ నూనెను వేళ్ళకూ, అరచేతులకూ, మణికట్టు దాకా పట్టించుకుంది. దబ్బనం నిప్పుల్లో ఎర్రగా కాల్చి ఒక్కొక్క గింజకూ బెజ్జం పెట్టింది. బెజ్జంలోంచి తారులాంటి నల్లటి నూనె బొట్లుబొట్లుగా కారింది. ఆ గింజల్ని గుచ్చి గంగ పలుపుకు కట్టింది. కట్టేటప్పుడు కూడా వేలి కొసలతోనే పట్టుకుంది. కారిన నలుపు తాడు పీచులోకి ఇంకిపోయింది.

సరిగ్గా నేను కుడిచేతికి చుట్టుకునే చోట.

బాణామతి చేస్తున్నది ఈమేనా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. లేచి ఎదురుగా పోయి నిలబడ్డాను.

"అత్తమ్మా, చేతులకు నూనెందుకు రాస్కున్నవ్?"

"గదేం అడుగుడే? జీడి గద, కాలుతది."

అంత మామూలుగా అంది. నేను నా కుడిచెయ్యి ఆమె మొహం ముందు పెట్టాను. ఆమె నా చెయ్యి చూసింది. పలుపు చూసింది. గంగ మెడ చూసింది. నూనె రాసుకున్న తన చేతులు చూసుకుంది.

అప్పుడు చేటలో ఇంకా మిగిలిన ఒక గింజ మీద నా చూపు పడింది. నల్లదారానికి గుచ్చి ముడి కూడా వేసి ఉంది. దారం చాలా పొట్టిది.

"ఇదెవలకు?"

"పోరికి, చంద్రికి" అంది అత్తమ్మ. "మొలతాడుకు కడ్దామని. నీ దిష్టి దానికి తాకుతదని."

నేను అరిచిన అరుపుకు గల్లీ అంతా వచ్చింది. ఆ దారాన్ని పొయ్యిలో వేయబోతే అత్తమ్మే నా చెయ్యి పట్టుకుంది, పుండ్లున్న కుడిచెయ్యే. "కాల్చకు, పొగ కూడ మంచిది గాదు" అంది. తనే చేట ఎత్తుకుపోయి పెరట్లో గొయ్యి తీసి అన్నింటినీ పూడ్చింది. చూడండి, పొగ సంగతి కూడా తెలుసు ఆమెకు.

మా ఆయన ఆ పలుపును కర్రతో ఎత్తి బయట పడేసి కొత్తది తెచ్చాడు. నన్ను వెంటబెట్టుకుని హుస్సేనీ ఆలం వచ్చాడు. హకీంసాబు అంతా విని తల ఊపాడు. పసరు లేకపోతే చీము లోపలికి దిగి చెయ్యే పోయేదని, మలాము రాసిన చెయ్యి బాగైంది మలాము గొప్పతనం వల్ల కాదని, దానికి తాడు తగలలేదు కాబట్టని చెప్పాడు. అదే సీసా మళ్ళీ ఇచ్చాడు. ఈసారి ఏం కలిపారని అడగలేదు. వాసన మాత్రం చూశాను.

తర్వాత సంగతులు నెమ్మదిగా జరిగాయి. కొత్త పొక్కులు లేవడం ఆగింది. పాతవి ఎండి పెచ్చులు రాలాయి. రోజూ పొద్దున అత్తమ్మే వేపాకు మరగబెట్టి, వడగట్టి, గోరువెచ్చగా నా చేతి మీద పోసేది. తప్పయిందని ఒక్కనాడూ అనలేదు. నేను కూడా ఒక్కనాడూ అడక్కుండా ఆ నీళ్ళు పోయించుకోలేదు.

"ఇందుల ఏమేసినవ్?"

"ఏపాకు."

"ఇంకా?"

"ఇంకేం లేదే. నీ కండ్ల ముందే గద కాచిన."

ఒకసారి మాత్రం అసలు మాట అడిగేశాను. "జీడి కాలుతదని నీకెరికే. తాడుకు అంటుతదని ఎరికె లేదా?"

చెంబు కింద పెట్టింది. "బర్రెకు దిష్టి తాకొద్దనుకున్న బిడ్డా. తాడు పట్టే చెయ్యి యాదికి రాలె."

నమ్మాను. నమ్మినందుకే ఎక్కువ నొప్పి పుట్టింది. నా మీద పగతో చేసి ఉంటే తిట్టిపోసేదాన్ని. నేను అసలు గుర్తుకే రాలేదంటే ఏమని తిట్టను? బాలమణి మీద అనుమానం మాత్రం ఉత్తదేనని తేలింది. ఆ మాట ఆమెకు చెప్పాను. "నాకెరికే అక్కా, నువ్వు నా కూర తినకపోతుంటివి" అని నవ్వింది. ఎరికైనా రోజూ నా కంచంలో కూర వేస్తూనే ఉందట.

కాబట్టి చదివేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. నన్ను కాల్చింది చెట్టు గింజే, నన్ను మాన్పింది చెట్టు ఆకే. మంచిదని పేరున్నదాన్ని కూడా ఒంటికి తగలనిచ్చే ముందు ఓసారి అనుమానంగా చూడండి. మీ కోసమని ఎవరైనా కట్టేదాన్ని ఇంకా ఎక్కువ అనుమానంగా చూడండి.

చలికాలంలో, చేతి మీద నల్లమచ్చలు తప్ప పుండ్లన్నీ మానాక, వాకిట్లో ఎండపొడ చూసుకుని కూర్చున్నాను. గంగ పక్కనే నెమరు వేస్తోంది. బాలమణి లోపలినుంచి వచ్చి చంద్రిని తెచ్చి నాకు కొంచెం దూరంలో నిలబెట్టింది. తన చేతులు వదిలేసింది. గడప దగ్గర అత్తమ్మ నిలబడి చూస్తోంది. నేను పిలవలేదు. పిలిస్తే రాదేమోనని భయం.

చంద్రి నన్ను చూసింది. నన్ను చూడగానే ఎవరూ చెప్పకుండానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. గడప దగ్గర అత్తమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

పిల్ల చేతులు అట్లాగే వెనక్కి పెట్టుకుని, తూలుకుంటూ, గోడ ఆసరా కూడా లేకుండా నా దాకా నడిచి వచ్చింది. నా ముందు ఆగి నా కుడిచేతిని చూసింది. చేతులు వెనకనే ఉంచి, వంగి, తన చెంప తీసుకొచ్చి నా నల్లటి అరచేతిలో పెట్టింది. వేపనీళ్ళ వాసనకు ముక్కు ముడిచింది కానీ చెంప తీయలేదు.

ఆ చేతులు ముందుకు రావడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది.